చదవడం నేర్పే శిక్షణకు శ్రావణిని వెంటబెట్టుకుని హైటెక్ సిటీకి

ముందుగా నన్ను క్షమించాలి. నేను ఏడో తరగతి వరకే చదివాను. ఇది నోటుబుక్కులో చేత్తో రాసి ఇస్తున్నాను, శిక్షణ కేంద్రం వాళ్ళు టైపు చేసి ఈ బ్లాగులో పెడతామన్నారు. నా చేతిరాత కోడి గెలికినట్టు ఉంటుంది, వత్తులు ఉండాల్సిన చోట ఉండవు. టైపు చేసేవాళ్ళే దిద్దుకోవాలి. ఇక్కడ ఇంతకుముందు రాసినవాళ్ళంతా బి.ఎడ్. చేసిన టీచర్లు. "మీలాంటి వాలంటీర్లు ఎలా రావాలో, ఇక్కడ ఏం జరుగుతుందో మీరు రాస్తేనే మిగతావాళ్ళకు ధైర్యం వస్తుంది" అని శిక్షణ ఇచ్చిన వసుంధర మేడం అన్నారు కాబట్టి రాస్తున్నాను. నలుగురిలో మాట్లాడమంటే నాకు గొంతు పెగలదు. రాయడం కొంచెం నయం.

మాది తుని దగ్గర పల్లె. పెళ్ళయ్యాక నానక్‌రామ్‌గూడ వచ్చాం. మా ఆయన ఒక పెద్ద భవనంలో లిఫ్టులు చూసుకునే పనిలో ఉన్నారు. మేం అద్దెకుండే వీధి చివర ఇంకా కడుతున్న టవర్లున్నాయి. ఆ పనివాళ్ళు ఉండే రేకుల గదుల పక్కన, సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా వాళ్ళ పిల్లలకు చదువు చెప్పే చిన్న కేంద్రం ఒకటి ఉంది. పదహారు మంది పిల్లలు వస్తారు. మొదట్లో పిల్లలు రోడ్డు మీదికి పోకుండా చూసుకోవడానికి నన్ను పిలిచారు. చెప్పే టీచరు వేరే ఊరు వెళ్ళిపోయాక పాఠం కూడా నా మీదే పడింది. నాకు తెలిసిన పద్ధతి మా ఊరి బడిలో మాకు చెప్పినదే. నేనొక వాక్యం చదువుతాను, అందరూ కలిసి గట్టిగా అంటారు. పాఠం మొత్తం తడుముకోకుండా ఒప్పజెప్పినవాళ్ళకు రిజిస్టరులో పేరు పక్కన ఎర్ర పెన్నుతో నక్షత్రం వేస్తాను.

శ్రావణికి అన్ని పాఠాలకూ నక్షత్రాలున్నాయి. తొమ్మిదేళ్ళ పిల్ల, ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి. శ్రావణి అన్నది ఇక్కడ రాయడం కోసం నేను పెట్టిన పేరు. వాళ్ళమ్మ అంజమ్మ పాలమూరు వైపు నుంచి వచ్చింది, టవరు పనిలో ఇసుక మోస్తుంది. ఎండాకాలానికి ఇక్కడి పని అయిపోతుంది, వాళ్ళు కొల్లూరు వైపు ఇంకో సైటుకు వెళ్ళాలి. అక్కడ దగ్గరలో బడి లేదు. వెళితే శ్రావణి తమ్ముణ్ణి ఎత్తుకుని గదిలో కూర్చోవాల్సిందే. గురుకులంలో ఐదో తరగతికి సీటు వస్తే మాత్రం హాస్టల్లో ఉండి చదువుకుంటుంది. ప్రవేశ పరీక్షకు అప్పటికి రెండు నెలల పైన టైముంది. అంజమ్మ ఒకరోజు గిన్నెలు తోముకుంటూ నన్ను అడిగింది: "మా పొల్ల మంచిగనే సదువుతది గదా చెల్లె, సీటొస్తదా?" నేను రిజిస్టరు తెరిచి నక్షత్రాలు చూపించి, "తప్పకుండా వస్తుందండి" అన్నాను. ఆ మాట నమ్మి, శ్రావణిని బడి అయ్యాక వేరే ట్యూషన్‌కు పంపాలన్న ఆలోచన ఆమె మానుకుంది.

అలాంటి రోజుల్లో మా కేంద్రం చూసే సారు ఈ శిక్షణ గురించి చెప్పారు. చిన్న పిల్లలకు చదవడం ఎలా నేర్పాలో ఒక రోజంతా చెబుతారు. బడి టీచర్లు, అంగన్‌వాడీ టీచర్లు, మాలాంటి వాలంటీర్లు ఎవరైనా రావచ్చు. రుసుము లేదు, మధ్యాహ్నం భోజనం వాళ్ళే పెడతారు. శనివారం ఉదయం తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా. మధ్యాహ్నం చేసి చూడటానికి ఒక్కొక్కరు ఒక పిల్లనో పిల్లాణ్ణో తీసుకురావాలి, తల్లిదండ్రుల అనుమతి కాగితం ఉండాలి. ఎవరిని తీసుకెళ్ళాలో నేను రెండో ఆలోచన చేయలేదు. అంతమంది చదువుకున్నవాళ్ళ ముందు నా పరువు నిలబెట్టేది శ్రావణే అనుకున్నాను.

శనివారం ఏడున్నరకు అంజమ్మ పిల్లకు తలనిండా నూనె రాసి, రెండు జడలు వేసి, ఉతికిన యూనిఫారం తొడిగి తెచ్చింది. "అక్క సెప్పినట్టు ఇను. ఆడ లొల్లి చెయ్యకు" అని చెప్పి పనికి వెళ్ళిపోయింది. నానక్‌రామ్‌గూడ నుంచి గచ్చిబౌలి చౌరస్తాకు షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి ఇరవై రూపాయలు. నిండితే తప్ప కదలవు కాబట్టి పదిహేను నిమిషాలు ఎక్కువ పెట్టుకోండి. మా ఆటోలో అప్పటికే వెనక ముగ్గురున్నారు.

"జర జరుగుండ్రి. పాపను ఒళ్ళె కూసోపెట్టుకుంటె ఇరవై, సీట్ల కూసోపెడితె నలబై," అన్నాడు డ్రైవరు.

"నేను నిలవడత," అంది శ్రావణి.

"ఆటోల నిలవడతవా? నువ్వేమన్న జెండావా?"

వెనక కూర్చున్న ఐ.టి. అమ్మాయిలు నవ్వారు. నేను పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. గచ్చిబౌలిలో దిగేసరికి ఎనిమిదీ పది. అక్కడి నుంచి కొత్తగూడ మీదుగా సైబర్ టవర్స్ వైపు వెళ్ళే సిటీ బస్సు ఎక్కాం. ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే జీరో టికెట్టు ఇస్తారు. శ్రావణి ఆధార్ కూడా తీసుకెళ్ళాను. శనివారం కావడంతో రద్దీ తక్కువ. కిటికీ పైన 'స్త్రీలకు మాత్రమే' అని రాసి ఉంది. పిల్ల తెలివి నలుగురికీ తెలియాలని, "అక్కడ ఏం రాసుందో చదువు" అన్నాను. శ్రావణి ఒకసారి చూసి, "ఆడోళ్ళు కూసుండే సీట్లు" అంది. అర్థం సరిపోయింది కదా అని నవ్వుకుని ఊరుకున్నాను. ఆ క్షణంలో నాకు అనుమానం రావాల్సింది.

సైబర్ టవర్స్ దగ్గర దిగి పది నిమిషాలు నడవాలి. శిక్షణ జరిగేది ఒక కంపెనీ భవనంలో, శనివారాలు ఖాళీగా ఉండే హాలును వాళ్ళు దీనికి ఇస్తారు. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు ఆధార్ చూసి, ఫొటో తీసి, చొక్కాకు అంటించుకునే చీటీ ఇస్తారు. ఫోను కెమెరా మీద కూడా ఒక చిన్న స్టిక్కరు వేస్తారు. ఈ పనికి ఇరవై నిమిషాలు పట్టింది. లిఫ్టు లోపల నంబర్లు ఉండవు. ఎన్నో అంతస్తుకు వెళ్ళాలో బయటే నొక్కాలి, ఏ లిఫ్టు ఎక్కాలో అదే చూపిస్తుంది. మా ఆయన ముందురోజే చెప్పి ఉండటంతో నేను తడబడలేదు. నా వెనక వచ్చిన ఇద్దరు టీచర్లు ఖాళీ లిఫ్టులో నిలబడి నంబర్లు వెతుక్కుంటుంటే చెప్పాలనిపించింది కానీ నోరు రాలేదు. శ్రావణే వెళ్ళి, "బయట ఒత్తాలె మేడం" అని చెప్పింది.

ఐదో అంతస్తు హాలులో ఇరవై రెండు మంది గుండ్రంగా కూర్చున్నాం. పిల్లల్ని పక్క గదిలో బొమ్మలతో ఆడుకోమన్నారు. నా పక్కన యాదమ్మ అనే అంగన్‌వాడీ టీచరు కూర్చుంది, శేరిలింగంపల్లిలో ఇరవై ఏళ్ళుగా చేస్తోందట. నేను గేటు దగ్గర ఇచ్చిన చీటీని మాటిమాటికీ నొక్కి అంటించుకోవడం చూసి, "ఏంది చెల్లె, గంత పరేషాన్ అయితున్నవ్? గీళ్ళు మనకు సూదులు పొడవరు గదా" అంది.

వసుంధర మేడం అనంతపురం వైపు మనిషి, గట్టిగా మాట్లాడరు. ముందు అందరికీ ఒక్కో అట్ట ఇచ్చారు. దాని మీద కుండ బొమ్మ, కింద ఎవరికీ తెలియని ఏవో గుర్తులు ఉన్నాయి. "ఏం రాసుంది?" అంటే అందరం "కుండ" అన్నాం. ఇంకో అట్ట మీద చెట్టు బొమ్మ, "చెట్టు" అన్నాం. తర్వాత బొమ్మలు లేకుండా ఆ గుర్తులే కలిపి చూపించారు. ఎవరికీ ఏదీ రాలేదు. "ఇంతకుముందు మీరు చదివినారా, బొమ్మ చూసి చెప్పినారా?" అని అడిగారు. మా బడుల్లో చాలామంది పిల్లలు చేసేది ఇదే అన్నారు. బస్సు కిటికీ నాకు అప్పుడు గుర్తొచ్చింది. కానీ శ్రావణి సంగతి వేరులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తర్వాత ఆవిడ చెప్పినవి నేను రాసుకున్నంత వరకు ఇవి. అక్షరాలు చూపించే ముందు, మాటను ముక్కలుగా విరిచి చప్పట్లతో పలికించాలి. అక్షరాలన్నీ అ నుంచి మొదలుపెట్టి వరసగా చెప్పుకుంటూ పోతే పిల్లలకు వరస వస్తుంది, అక్షరం రాదు. ఐదారు అక్షరాలు చెప్పి, ఆ రోజే వాటిని కలిపి మాటలు చదివించాలి. గుణింతం కూడా పాటలా పాడించకుండా మాటల్లో పెట్టి చెప్పాలి. అందరూ కలిసి అనేటప్పుడు ఎవరికి వచ్చో తెలియదు కాబట్టి, వారానికి ఒకసారైనా ప్రతి పిల్లనూ విడిగా కూర్చోబెట్టి, ఎన్నడూ చూడని నాలుగు వాక్యాలు ఇచ్చి వినాలి. దీనితో పాటు రోజూ మనం ఒక కథ చదివి వినిపించి, దాని గురించి మాట్లాడించాలి, లేకపోతే చదివింది అర్థం కాదు. "ఇవి నా సొంత తెలివి కాదు. ఎట్ల చెప్తే పిల్లలకు నిజంగా చదువు వస్తుందో పిల్లల దగ్గర పరీక్షించి చూసి తేల్చినవి" అన్నారు మేడం.

భోజనం ఒంటిగంటకు. అన్నం, పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. పిల్లలకు కారం లేకుండా విడిగా వండారు. యాదమ్మ తన వెంట తెచ్చిన పిల్లాణ్ణి చూపించి, "మావోనికి ఒక్క ముక్క రాదు. రానోన్నే తోల్కరావాలె, వచ్చినోన్ని తెస్తె ఏం నేర్సుకుంటం?" అంది. నేను పెరుగన్నం కలుపుకున్నాను.

రెండింటికి పిల్లల్ని పిలిచారు. ఒక్కో పిల్లకు ఒక్కో కాగితం ఇచ్చారు. శ్రావణి కాగితంలో మేకను గురించిన నాలుగు వాక్యాలున్నాయి, బొమ్మ లేదు. పిల్ల కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది, తర్వాత నన్ను చూసింది. "చదువు" అన్నాను. మొదటి వాక్యం కింద వేలు పెట్టి, చక్కగా గొంతు సవరించుకుని, "వాన వచ్చింది. వీధిలో నీళ్ళు నిలిచాయి. పిల్లలు పడవలు చేశారు" అని మొదలుపెట్టింది. అది మా పుస్తకంలో మూడో పాఠం. వేలు సరిగ్గా నడుస్తోంది, వాక్యం చివర ఆగుతోంది, కింది వరసకు దిగుతోంది. యాదమ్మ దూరం నుంచి విని, "బాగ సదువుతున్నది పొల్ల" అంది కూడా.

మేడం వచ్చి మా పక్కన కింద కూర్చున్నారు. పాఠం అయ్యేదాకా విన్నారు. "బాగా చెప్పినావు తల్లీ. ఈ ఒక్క మాట ఏందో చెప్తావా?" అని 'మేక' మీద వేలు పెట్టారు. శ్రావణి చెప్పలేకపోయింది. విడి అక్షరాల కాగితం ఇచ్చారు. అ నుంచి వరసగా ఉన్నది గడగడా చెప్పింది. వరస తప్పించి ఉన్నదాంట్లో తొమ్మిదో పదో చెప్పగలిగింది. తర్వాత తల వంచుకుని జడ చివర రిబ్బను విప్పడం మొదలుపెట్టింది. రెండేళ్ళుగా ఈ పిల్ల నా ఎదురుగా కూర్చుంది. ఒక్కసారైనా పుస్తకం మధ్యలో తెరిచి, ఈ మాట చదువు అని నేను అడగలేదు.

"ఎవరు నేర్పించినారు?" అని మేడం నన్ను అడిగారు.

"నేనేనండి."

"ఈ పిల్లకు జ్ఞాపకం గొప్పది. అందుకే మీకు తెలియలేదు. రానివాళ్ళు రానట్టు కనబడతారు, ఎవరో ఒకరు పట్టించుకుంటారు. ఇట్లాంటి పిల్లల్ని ఎవరూ పట్టించుకోరు."

గురుకులం పరీక్ష సంగతి చెప్పాను. రెండు నెలల్లో వస్తుందా అని అడిగాను. "చదవడం మొదలవుతుంది. పరీక్ష రాసేంత వస్తుందని నేను మాట ఇవ్వలేను. మీరు కూడా ఎవరికీ ఇయ్యొద్దు" అన్నారు. తర్వాత నలభై నిమిషాలు ఆవిడ చూస్తుండగా నేనే చెప్పాను. ఆరు అక్షరాలు. వాటితో పలక, కల, వల, మర లాంటి మాటలు. శ్రావణి ఒక్కో అక్షరం పలికి, కలిపి, మాట వచ్చాక నా ముఖం వైపు చూసేది, ఎవరో చెవిలో చెప్పారేమో అన్నట్టు. ఆరు మాటలు చదివింది. ఆరూ తప్పు లేకుండా చదివింది కానీ చెమటలు పట్టాయి పిల్లకు.

నాలుగున్నరకు బయటపడ్డాం. సాయంత్రం సైబర్ టవర్స్ దగ్గర బస్సు కోసం అరగంట నిలబడాల్సి వచ్చింది, తిరుగు ప్రయాణానికి గంటన్నర పెట్టుకోండి. బస్సులో శ్రావణి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కొత్తగూడ దాటాక అడిగింది:

"అక్కా, మా అమ్మకు చెప్తవా?"

"ఏం చెప్పాలి?"

"నాకు పుస్తకం ఉంటె వస్తది అక్కా. ఆ కాయిదం కొత్తది."

నిజానికి చెప్పకుండా ఊరుకుందామా అన్న ఆలోచన నాకూ నడుస్తోంది. మేడం అంజమ్మను ఎన్నడూ చూడరు. పిల్ల చెప్పదు. రెండు నెలలు గట్టిగా కష్టపడి, సీటు రాకపోతే పరీక్ష కష్టంగా వచ్చిందని అనేయొచ్చు. సీటు రానివాళ్ళు వందమంది ఉంటారు, నన్నెవరూ అడగరు. కానీ ఇప్పుడు చెబితే ఆమె బడి టీచరుతో మాట్లాడవచ్చు, ట్యూషన్ పెట్టవచ్చు, కొల్లూరు వెళ్ళే సంగతి ముందే ఆలోచించుకోవచ్చు. చెప్పకపోతే ఆ రెండు నెలలు నా పరువు కోసం ఆమె దగ్గర లాక్కున్నట్టే. గచ్చిబౌలి నుంచి షేర్ ఆటోలో ఇదే ఆలోచిస్తూ, దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కు నడిచాం.

ఆరున్నరకు అంజమ్మ గది ముందు కట్టెల పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తోంది. "వచ్చిండ్రా? ఏమన్నరు మా పొల్లను?" అంది. శ్రావణి తమ్ముణ్ణి ఎత్తుకుని గదిలోకి వెళ్ళిపోయింది. నేను నిలబడే చెప్పాను.

"శ్రావణికి చదవడం రాదండి. పాఠాలు విని గుర్తుపెట్టుకుంది. చదువుతోందని నేనే అనుకున్నాను. మీకు అబద్ధం చెప్పాలని కాదు, నాకే తెలియలేదు. తప్పు నాదండి, పిల్లది కాదు."

అంజమ్మ రొట్టె తిప్పడం ఆపలేదు. తిప్పుతూనే అంది: "నేను వేలిముద్ర దాన్ని. నా ముంగట పుస్తకం తలకిందులు పట్టినా నాకు తెల్వదు. నువ్వు సదువుతదంటె ఊరంత చెప్పుకున్న."

పొయ్యిలో కట్టె ముందుకు తోసి మళ్ళీ అడిగింది:

"ఇగ గిప్పుడు నేర్వదా?"

"నేర్చుకుంటుందండి. ఎలా చెప్పాలో ఇవాళ తెలిసింది. కానీ పరీక్షకు అందుతుందో లేదో చెప్పలేను."

"గీ మాటన్న నిజం చెప్పినవ్," అంది. రొట్టె తీసి పళ్ళెంలో వేసి నా వైపు జరిపింది. "పరీక్ష రాస్తది. వస్తె వస్తది. సోమారం బడి సారుకు నువ్వే చెప్పాలె, నాతోని రావాలె. పొద్దుగాల ఆరింటికి తోలిస్త, గంట సేపు నువ్వే సదివించాలె. చెడగొట్టినదానివి నువ్వే గదా."

సరేనన్నాను. రొట్టె తిన్నాను.

సోమవారం ఇద్దరం బడికి వెళ్ళాం. సారు నా మాటలు విని, "రోజూ ఒక పీరియడు విడిగా చూస్తాను" అన్నారు. ఇది రాసేనాటికి మూడు వారాలయింది. శ్రావణి రోజూ ఆరింటికి వస్తుంది, ఒక్కోసారి నిద్రమొహంతో వస్తుంది. ఇప్పుడు ఇరవై మూడు అక్షరాలు వరస ఎలా మార్చినా గుర్తుపడుతోంది. గుణింతంలో నాలుగు గుర్తులు వచ్చాయి. చూడని వాక్యం ఇస్తే చదువుతుంది కానీ చాలా నెమ్మది, వత్తు వస్తే ఆగిపోతుంది. పరీక్షకు ఇది చాలదని నాకూ తెలుసు, అంజమ్మకూ తెలుసు. ఎందుకంటే వారం వారం ఎంత వచ్చిందో, ఎంత రాలేదో ఆమెకు చెబుతున్నాను. కేంద్రంలో మిగతా పదిహేను మందిని కూడా విడివిడిగా కూర్చోబెట్టి విన్నాను. నక్షత్రాలున్నవాళ్ళలో ఇంకా నలుగురు శ్రావణిలాగే ఉన్నారు. వాళ్ళ ఇళ్ళకు కూడా వెళ్ళి చెప్పి వచ్చాను. ఒకరి తండ్రి తిట్టాడు. ఇప్పుడు రిజిస్టరులో నక్షత్రాలు వేయడం లేదు, ఏ పిల్లకు ఏ అక్షరాలు రావో అవి రాస్తున్నాను.

ఏడో తరగతి చదివిన మనిషి చదువు చెప్పవచ్చా అని వెళ్ళేముందు నాకు భయం ఉండేది. ఆ హాలులో నాకంటే పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా కుండ బొమ్మ చూసి కుండ అన్నారు. తెలియకపోవడం అందరికీ ఉంది. నాకు కష్టమైంది శిక్షణ కాదు, సాయంత్రం ఆ పొయ్యి దగ్గర నిలబడటం. అయినా మళ్ళీ ఒక శనివారం ఉందంటే వెళతాను, వత్తుల పాఠం ఎలా చెప్పాలో ఇంకా నాకు సరిగ్గా అంతుబట్టలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక సలహా. ఒక పిల్లనో పిల్లాణ్ణో తీసుకురమ్మంటారు కదా, చదవడం రానివాళ్ళను తీసుకెళ్ళడం సులువు. బాగా చదువుతుందని మీరు అందరికీ చెప్పుకున్న పిల్లనే తీసుకెళ్ళండి.

టైపు చేసేవాళ్ళకు ఒక మనవి. రెండు చోట్ల పొరపాటున పిల్ల అసలు పేరు రాసి కొట్టేశాను, వెలుతురుకు పెడితే ఇంకా కనబడుతోంది. రేపు హాస్టల్లోనో కొత్త బడిలోనో ఎవరూ ఆ పిల్లను ఎగతాళి చేయకూడదు. పని కాగానే ఈ కాగితాలు దయచేసి కాల్చేయండి.